ఫిడేలు నాయుడు గారు: పక్కవాద్యం నుంచి వేదిక మధ్యకు

"పాపకు ఫిడేలు మీద మనసుంది. నేర్పిస్తే బాగానే ఉంటుంది. కానీ రేపు దానితో బతుకుతెరువు ఏముంటుంది?" చంద్రాపూర్‌లో గానీ, బల్లార్‌పూర్‌లో గానీ, రాజురాలో గానీ మన తెలుగు ఇళ్లలో ఇలాంటి మాట తరచుగా వినబడుతుంది. గనుల్లోనో, కాగితం మిల్లులోనో, రైల్వేలోనో, థర్మల్ స్టేషన్‌లోనో ఒక తరం ఒళ్లు వంచి పనిచేస్తేనే ఈ ఊళ్లో మనకు సొంత గూడు ఏర్పడింది. అందువల్ల పిల్లల చదువు, ఉద్యోగం విషయంలో మన పెద్దలు గట్టిగా లెక్క వేయడంలో తప్పేమీ లేదు. అయితే సంగీతం ఒక వృత్తి ఎలా అవుతుందో, ఆ వృత్తి దేని మీద నిలబడుతుందో చాలామందికి స్పష్టంగా తెలియదు. అది తెలియాలంటే ఒక మనిషి జీవితాన్ని మొదటి నుంచి చూడడం మేలని మాకు అనిపించింది. ఆ మనిషి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆంధ్ర దేశమంతా ఆయనను 'ఫిడేలు నాయుడు గారు' అని పిలుచుకునేది.

మన ఊళ్లో సంగీతం క్లాసు అనగానే హిందుస్తానీ గాత్రం, హార్మోనియం, తబలా గుర్తొస్తాయి. మన పిల్లలు చాలామంది గాంధర్వ మహావిద్యాలయ మండలం పరీక్షలు రాస్తారు. ప్రారంభిక్‌తో మొదలుపెట్టి ఓపిక ఉన్నవాళ్లు విశారద్ దాకా వెళ్తారు. అది చక్కని పద్ధతి, దాన్ని మేము తక్కువ చేయడం లేదు. కాకపోతే ఫిడేలు మీద తెలుగువాళ్లు చేసిన పని ఏమిటో ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు చెప్పేవారు తక్కువ. వాళ్లు విన్న ఫిడేలు సినిమా పాటల వెనక వినబడేదే.

మరాఠీ కొలువు, తెలుగు పాట, దొర వాద్యం

ఫిడేలు మనది కాదు, ఐరోపా నుంచి వచ్చింది. అది దక్షిణాది సంగీతంలోకి వచ్చిన కథలో మనకు, అంటే మహారాష్ట్రలో ఉంటున్న తెలుగువాళ్లకు, ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. ఆ వాద్యం పాతుకున్న తంజావూరు నేల అప్పుడు మరాఠా భోంస్లేల పాలనలో ఉండేది. రాజుల ఇంటి భాష మరాఠీ, ఊరి భాష తమిళం, సంగీత సాహిత్యాల భాష చాలా మటుకు తెలుగు. శహాజీ మహారాజు స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశారు. త్యాగరాజ స్వామి (1767-1847) ఆ రాజ్యంలోనే, తిరువయ్యారులో ఉండి తెలుగు కీర్తనలు కట్టారు. తమిళ దేశంలో తరాల తరబడి స్థిరపడిన తెలుగు ఇల్లు ఆయనది. చుట్టూ వేరే భాష, గడప లోపల తెలుగు. మనకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు కదా!

18వ శతాబ్దం చివరలో, 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు వాళ్ల బ్యాండుల ద్వారా ఫిడేలు మద్రాసు, తంజావూరు ప్రాంతాల్లో వినబడసాగింది. రెండవ సర్ఫోజీ మహారాజుకు పాశ్చాత్య సంగీతమంటే ఇష్టం. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒక ఐరోపా వాద్యకారుడి దగ్గర ఫిడేలు నేర్చుకుని దాన్ని మన రాగాలకు మలిచారని సంగీత చరిత్రకారులు రాస్తారు. తంజావూరు నలుగురు సోదరుల్లో ఒకరైన వడివేలు తిరువాంకూరు కొలువులో ఫిడేలుకు పేరు తెచ్చారు.

మనవాళ్లు వాద్యాన్ని మార్చలేదు, పట్టుకునే తీరు మార్చారు. పాశ్చాత్యులు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని ఫిడేలు తలను కుడి కాలి మడమ దగ్గర ఆనించి, రెండో కొసను ఎడమ రొమ్ము మీద నిలుపుతారు. ఇలా చేస్తే ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని తప్పుతుంది. అప్పుడు వేలు తీగ మీద పైకీ కిందికీ హాయిగా జారుతుంది, ఆ జారుడులోనే మన గమకం ఉంది. తీగల శ్రుతి కూడా మారింది. మనవాళ్లు నాలుగు తీగలనూ మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం వరసలో బిగిస్తారు. నాగ్‌పూర్ వైపు హిందుస్తానీ ఫిడేలు వినే మన మిత్రులు గమనించే ఉంటారు, అక్కడా కూర్చునే వాయిస్తారు. వి.జి. జోగ్, గజాననరావు జోషీ, ఎన్. రాజం వంటి వారు ఆ వైపు పెద్ద పేర్లు. వారి దారి వేరు, పరికరం ఒక్కటే.

చూపు తక్కువ పిల్లవాడు

వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచీ చూపు బాగా తక్కువ. పలక మీద, నల్లబల్ల మీద అక్షరాలు కనబడని పిల్లవాడికి ఆ రోజుల్లో బడిలో చోటు లేదు. చదువు ముందుకు సాగలేదు. ఇంట్లో అన్నగారు వెంకటకృష్ణయ్య ఫిడేలు వాయించేవారు, తమ్ముడి చేతికి కమాను ఇచ్చి తొలి పాఠాలు చెప్పింది ఆయనే.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఇంట్లో ఒక పిల్లవాడు బడికి పనికిరాడని తేలిన రోజున ఆ ఇల్లు ఎంత దిగులు పడుతుందో అనుభవించిన వాళ్లకే తెలుసు. 1900 ప్రాంతాల్లో చూపు లేనివాళ్లకు ప్రత్యేక బడులు మన వైపు దాదాపు లేవు, ఉన్నా అందేవి కావు. ఆ అన్నగారు తనకు తెలిసిన ఒకే విద్యను ఓపికగా తమ్ముడికి పంచారు. చెవితో విని వేలితో పట్టుకునే విద్య కాబట్టి కళ్ల లోటు అక్కడ అడ్డం రాలేదు. మేము చదివినంతలో ఆయన జీవితంలో వచ్చిన పదవులు, బిరుదులు అన్నిటికంటే ఆ ఇంట్లో జరిగిన ఈ చిన్న ఏర్పాటే పెద్దది.

1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల తెరిచారు. అది పుట్టిన కథ కూడా చూపుతోనే ముడిపడి ఉంది. సంస్థానంలో ఉద్యోగి అయిన చాగంటి జోగారావు గారి కుమారుడు గంగరాజు అంధుడు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించే చోటు కావాలన్న కోరికే కళాశాల అయింది. పూసపాటి విజయరామ గజపతిరాజు గారు దాన్ని స్థాపించారు, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు అయ్యారు. నాయుడు గారు అక్కడ చేరదామని వెళ్లారట, విద్యార్థిగా. వాయింపు విన్న తరువాత ఆయనను విద్యార్థిగా కాక ఫిడేలు ఆచార్యుడిగా తీసుకున్నారు. అప్పటికి వయసు 26.

ఈ ఉద్యోగం గురించి సంగీత వ్యాసాల్లో ఒక్క వాక్యం రాసి దాటేస్తారు. మేము అలా దాటదలచుకోలేదు, ఎందుకంటే మన పెద్దలు అడిగే బతుకుతెరువు ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కచేరీల ఆదాయం ఈ నెల ఉంటే వచ్చే నెల ఉండదు. పెళ్లిళ్ల కాలంలో, ఉత్సవాల కాలంలో పిలుపులు వస్తాయి, వానాకాలంలో ఇంట్లో కూర్చోవాలి. కళాశాలలో నెల జీతం ఉంటే మనిషి అడ్డమైన కచేరీలకూ ఒప్పుకోనక్కరలేదు, సాధనకు పొద్దు దొరుకుతుంది, చుట్టూ నేర్చుకునే పిల్లలు ఉంటారు. నేర్పడం వల్ల తన విద్యా పదునెక్కుతుంది. నాయుడు గారు పదిహేడేళ్లు అలా పాఠం చెప్పి, నారాయణదాసు గారి తరువాత 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. బడి వద్దన్న పిల్లవాడు కళాశాలకు పెద్ద అయ్యాడు.

ఆ కళాశాలలో చదివిన వాళ్ల పేర్లు చెబితే మన ఇళ్లలో గుర్తుపట్టని వాళ్లు ఉండరు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు చేతిలో డబ్బు లేక విజయనగరం వీధుల్లో మధూకరం ఎత్తుకుంటూ చదివింది అక్కడే. పి. సుశీల గారు డిప్లొమా చేసింది అక్కడే. నేదునూరి కృష్ణమూర్తి గారు నాయుడు గారి బంధువు, శిష్యుడు అయిన ద్వారం నరసింగరావు నాయుడు గారి దగ్గర నేర్చుకున్నదీ అక్కడే. చంద్రాపూర్‌లో పొద్దున్నే ఘంటసాల గొంతు వినబడే ఇంటికీ విజయనగరంలోని ఆ కళాశాలకూ సంబంధం ఉందని మన పిల్లలకు ఒకసారి చెప్పి చూడండి.

పక్కన కూర్చునే వాడి పని

నాయుడు గారు చేసిన పెద్ద పని అర్థం కావాలంటే, అంతకుముందు ఫిడేలు వాద్యకారుడి స్థానం ఏమిటో తెలియాలి. కర్ణాటక కచేరీలో మధ్యన కూర్చునేది గాయకుడు. ఒక పక్క ఫిడేలు, మరో పక్క మృదంగం. గాయకుడు రాగాలాపన చేస్తుంటే ఫిడేలు నీడలా వెంటే నడవాలి. ముందుకు దూకకూడదు, వెనకబడకూడదు. ఆయన ఆపాక తన వంతు వస్తే అదే రాగాన్ని కాస్త చిన్నగా వాయించాలి, ఆయన కంటే మించి పోకూడదు. కీర్తన మొదలైతే వెంట వాయించాలి. స్వరకల్పనలో ఆయన విసిరిన లెక్కకు అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. ఈ రోజు ఏ కీర్తన పాడతారో ముందుగా చెప్పే అలవాటు చాలామందికి ఉండదు. కాబట్టి పక్కవాద్యం వాయించేవారికి వందల కీర్తనలు, ఏ శ్రుతిలోనైనా, సిద్ధంగా ఉండాలి.

ఇంత చేసినా కరపత్రం మీద పేరు చిన్న అక్షరాల్లో ఉండేది, సంభావన కూడా ఆ కొలతలోనే. ఫిడేలు ఒక్కటే రెండు మూడు గంటలు జనాన్ని కూర్చోబెట్టగలదని ఎవరూ అనుకోలేదు. వీణ, వేణువు, నాగస్వరం ఒంటరిగా వినిపించేవి, ఫిడేలు పక్కనే ఉండేది.

నాయుడు గారు కూడా పక్కవాద్యంతోనే పేరు తెచ్చుకున్నారు. ఆ తరంలో ముగ్గురిని కలిపి ఫిడేలు త్రయం అంటారు: నాయుడు గారు, మైసూరు టి. చౌడయ్య గారు, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై గారు. అయితే నాయుడు గారు ఫిడేలును వేదిక మధ్యకు తెచ్చారు. 1938లో వేలూరులో ఆయన ఇచ్చిన కచేరీని కర్ణాటక సంగీతంలో తొలి ఫిడేలు సోలో కచేరీగా చెబుతారు.

సోలోలో అసలు కష్టం ఏమిటంటే మాట లేకపోవడం. మన సంగీతంలో సాహిత్యం ప్రాణం. గాయకుడు రాముడా అని పిలిస్తే శ్రోత కరుగుతాడు, ఫిడేలుకు నోరు లేదు. మరి శ్రోతకు ఆ పిలుపు ఎలా అందుతుంది?

దీనికి కమానులో జవాబు ఉంది. కమాను ఒకసారి కిందికి, ఒకసారి పైకి లాగుతారు. దిశ మారిన ప్రతిసారీ నాదంలో ఒక చిన్న విరుపు వస్తుంది. ఆ విరుపు ఎక్కడ పడాలన్నది వాయించేవారి చేతిలో ఉంటుంది. సాహిత్యం చూసుకోని వాద్యకారుడు స్వరాలు లెక్కపెట్టుకుని ఎక్కడ వీలైతే అక్కడ కమాను తిప్పుతాడు, దాంతో మాట మధ్యలో విరిగిపోతుంది. సాహిత్యం తెలిసిన వాడు అక్షరం మొదలైన చోట కొత్తగా కమాను వేస్తాడు, దీర్ఘం ఉన్న చోట ఒకే కమానులో సాగదీస్తాడు, ద్విత్వం వచ్చిన చోట కొంచెం ఒత్తుతాడు. పాడినట్టు వాయించడం అని పెద్దలు అనేది దీన్నే. నాయుడు గారి వాయింపులో ఈ స్పష్టత చాలా ఎక్కువ. పాశ్చాత్య ఫిడేలు పద్ధతిలోని నిండైన, నిలకడైన కమానును ఆయన గౌరవించి తన చేతికి తెచ్చుకున్నారు. గమకం, రాగం మాత్రం పూర్తిగా మనవే. శ్రుతి శుద్ధి మీద ఆయన పట్టింపు ఎంతటిదంటే తంబూరా లక్షణాల మీద, దాన్ని మీటే తీరు మీద ప్రత్యేకంగా వ్యాసం రాశారు.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి చెప్పుకోవాలి. ఈ వాయింపును మద్రాసు రసికులు ఎంతో మెచ్చుకున్నారు, నిజమే. కానీ తెలుగు రాని శ్రోతకు అందేది రాగం, లయ, హాయి. తెలుగు ఇంట పుట్టిన వాళ్లకు మరొకటి కూడా అందుతుంది. కీర్తన ముందే తెలిసి ఉంటే ఆ తీగలో మాటలు వినబడతాయి. మన ఇళ్లలో నానమ్మలు పూజ గదిలో పాడుకునే త్యాగరాజ కీర్తన ఏదైనా తీసుకుని నాయుడు గారి వాయింపులో వినండి. నానమ్మ పెదవులు తప్పకుండా కదులుతాయి. పక్కన కూర్చున్న మనవడు మరాఠీ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతాడు, తెలుగు అక్షరాలు రావు. కానీ నానమ్మ పాట వాడికి చెవిన పడి ఉంటే, వాడికీ మాట వినబడుతుంది. ఆ పాట ఒక్కసారైనా చెవిన పడకపోతే నాయుడు గారి కమాను ఎంత స్పష్టంగా పలికినా వాడికి అది మంచి ట్యూన్ మాత్రమే. ఇప్పుడు మన ఇళ్లలో ఈ రెండో సంగతే ఎక్కువగా జరుగుతోంది.

నాలుగు తీగలు, ఏడు తీగలు

మైకులు లేని రోజుల్లో పెద్ద పందిళ్లలో ఫిడేలు వినబడడం కష్టం. ఈ ఇబ్బందికి చౌడయ్య గారు ఒక ఉపాయం చేశారు, తీగలను ఏడుకు పెంచారు. అదనపు తీగలు అసలు తీగతో జతగా పలికి నాదాన్ని పెద్దది చేస్తాయి. ఆ ఏడు తీగల ఫిడేలు ఆయన గుర్తు అయింది. బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఫిడేలు ఆకారంలో కట్టిన చౌడయ్య స్మారక భవనాన్ని చూసే ఉంటారు. నాయుడు గారు మాత్రం నాలుగు తీగలే చాలనుకున్నారు. సన్నగా, శుద్ధంగా పలికే నాదమే ఆయన కోరుకున్నది. ఏది గొప్ప అని వాదించుకోవడం కచేరీ వెలుపల బాగుంటుంది గానీ, ఇద్దరిదీ వేర్వేరు అవసరం, వేర్వేరు చెవి అని ఊరుకోవడం మంచిది.

తరువాత మైకు వచ్చింది. నాయుడు గారి వంటి సున్నితమైన వాయింపుకు మైకు మేలే చేసింది.

లక్క పళ్లెం మీద మూడు నిమిషాలు

ఆ కాలపు వాద్యకారుడి కీర్తిని ఊరు దాటించినవి గ్రామఫోను రికార్డులు. నాయుడు గారి వాయింపు కూడా 78 ఆర్‌పీఎం పళ్లేల మీదికి ఎక్కింది. ఆ పళ్లేలు ఈనాటి ప్లాస్టిక్‌వి కావు. లక్క, దానిలో కలిపిన ఖనిజపు పొడి, అంతే. కింద పడితే పెంకులా పగిలేవి. ఆ లక్క మన దేశపు అడవుల నుంచే ప్రపంచమంతా వెళ్లేది. మన చుట్టూ ఉన్న అడవుల్లో కనబడే మోదుగ చెట్టే, మరాఠీలో పళస్ అంటాం, లక్క పురుగుకు ఇష్టమైన చెట్లలో ఒకటి. మన వైపు అడవి సరుకుకూ మద్రాసు ఇళ్లలో మోగిన త్యాగరాజ కీర్తనకూ ఇలాంటి చుట్టరికం ఉందంటే కాస్త విచిత్రంగా అనిపిస్తుంది.

పది అంగుళాల పళ్లెం ఒక వైపు మోగేది సుమారు మూడు నిమిషాలు. కచేరీలో అరగంట వాయించే రాగాన్ని మూడు నిమిషాల్లో పెట్టాలి. ఏం తీసేయాలి, ఏం ఉంచాలి అన్నది అసలు పరీక్ష. చాలామంది హడావిడిగా వేగం పెంచి అంతా కుక్కేవారు. నాయుడు గారి స్వభావమే క్లుప్తత. రాగం ముఖం కనబడేలా రెండు మూడు ముఖ్యమైన పట్లు పట్టి, కీర్తనలోకి వెళ్లి, తొందర లేకుండా ముగించడం ఆయనకు సహజంగా కుదిరింది. ఇంత పొడుగు ఆలాపనలు అలవాటైన ఈనాటి చెవికి మొదట కొంచెం తక్కువగా అనిపించవచ్చు. రెండోసారి వినండి.

రికార్డుల తరువాత రేడియో. మద్రాసు రేడియో కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. మన నాగ్‌పూర్ ఆకాశవాణి కూడా 1948లోనే మొదలైంది. 1929లో కాజీపేట-బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీ-మద్రాసు బండ్లు మన మీదుగా నడవడం మొదలయ్యాక ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, ఊరి నుంచి వచ్చే ఉత్తరం తరువాత ఊరి గొంతు వినిపించింది రేడియోనే. రాత్రి వేళ గరగర మధ్య తెలుగు స్టేషను పట్టుకోవడానికి ముల్లు తిప్పిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. నాయుడు గారు ఆకాశవాణిలో వాయించిన కచేరీలే ఇప్పుడు మనకు దొరుకుతున్న ఆయన సంగీతంలో విలువైన భాగం.

వచ్చిన గౌరవాలు

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వార్షిక సభలకు ఆయన అధ్యక్షత వహించారు, సంగీత కళానిధి అయ్యారు. ఒక పక్కవాద్యకారుడిగా మొదలైన తెలుగు కళాకారుడికి మద్రాసులో అది చాలా పెద్ద పీట. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1950లో కళాప్రపూర్ణ ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ. 1952లో ప్రపంచ ప్రసిద్ధుడైన ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ గారి ఇంట్లో నాయుడు గారి వాయింపు విని ముగ్ధుడయ్యాడు. గడ్డం కింద పెట్టి వాయించే చేయి, కాలి మీద ఆనించి వాయించే చేయిని గుర్తించిందన్న మాట. నాయుడు గారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతికి, 1993లో, తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది. ఆయన కుమార్తె ద్వారం మంగతాయారు గారు చెన్నైలో ఫిడేలు విద్వాంసురాలిగా ఆ బాణీని కొనసాగించారు. విజయనగరం కళాశాల ఇప్పటికీ ప్రభుత్వ కళాశాలగా నడుస్తోంది.

ఇదే వృత్తి మరో రూపంలో ఎలా ఉంటుందో అన్నవరపు రామస్వామి గారిలో చూడవచ్చు. 1926లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారికి సహాధ్యాయి. ఆయనకు నెల జీతం ఇచ్చింది కళాశాల కాదు, విజయవాడ ఆకాశవాణి. దశాబ్దాలు అక్కడ నిలయ విద్వాంసుడు. 2021లో, తొంభై నాలుగేళ్లు దాటాక, పద్మశ్రీ వచ్చింది. ఇద్దరి కథల్లోనూ కచేరీ వెనక ఒక సంస్థ ఉంది, ఆ సంస్థ వెనక నెల జీతం ఉంది.

మరి మన పాప సంగతి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఫిడేలు మీదే పూర్తిగా బతికేవాళ్లు ఈనాడు కూడా కొద్దిమందే. చాలామంది పాఠాలు చెబుతారు, కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తారు, నాట్య ప్రదర్శనలకు వెళ్తారు, సినిమా రికార్డింగులకు, పెళ్లి కచేరీలకు వెళ్తారు. అమెరికాలో, సింగపూర్‌లో ఉన్న పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు ఇప్పుడు స్థిరమైన ఆదాయం. ఆకాశవాణి ఆడిషన్ ఇచ్చి బి, బి-హై, ఎ, టాప్ గ్రేడులు తెచ్చుకుంటే ఆ గ్రేడు కచేరీ నిర్వాహకుల దగ్గర సర్టిఫికెట్‌లా పనిచేస్తుంది. సోలో కచేరీలు ఈ అన్నిటి మీద, చివరగా వచ్చే అంతస్తు. పునాది వేయకుండా దాన్ని చూసి ఆశపడడం, పునాది వేసే అవకాశం ఉన్నా భయపడి వద్దనడం, రెండూ మన ఇళ్లలో చూస్తున్నాం.

చంద్రాపూర్‌లో కర్ణాటక పద్ధతి గురువు ప్రతి పేటలోనూ దొరకరు. హిందుస్తానీ ఫిడేలు నేర్పే మాస్టారు దగ్గర దొరికితే నిస్సంకోచంగా చేర్చండి. కూర్చునే తీరు, కమాను పట్టు, శ్రుతి జ్ఞానం ఏ పద్ధతిలో నేర్చినా వృథా కావు. కర్ణాటకమే కావాలంటే ఆన్‌లైన్ పాఠం ఒక దారి, కానీ కమాను చేయి ఎలా ఉందో తెర మీద గురువుకు సరిగ్గా కనబడదు. వేసవి సెలవుల్లో అయినా హైదరాబాద్‌లోనో మరో చోటో గురువు ఎదుట కూర్చుని చేయి దిద్దించుకోవాలి. బల్లార్షా నుంచి హైదరాబాద్ ఒక పూట ప్రయాణమే కదా.

వాద్యం కొనేటప్పుడు తొందరపడి పెద్ద సైజు తీసుకోవద్దు. ఆరేడేళ్ల పిల్లలకు చిన్న సైజులు, పావు, అర అని ఉంటాయి. చేయి పెరిగే కొద్దీ ముప్పావు, ఆ తరువాత పూర్తి సైజు. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని బడి చెప్పులు కొన్నట్టు పెద్దది కొంటే వేళ్లు సాగక తప్పు అలవాటవుతుంది, పాప విసిగిపోయి ఆర్నెల్లకే మూల పెడుతుంది. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చవకగా వచ్చే పెట్టెలో బిరడాలు శ్రుతి నిలపవు. మాస్టారిని వెంట తీసుకుని నాగ్‌పూర్‌లోనో హైదరాబాద్‌లోనో చూసి కొనడం మంచిది.

నాయుడు గారి పాత రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వెనక గరగర ఉంటుంది, ఫోను స్పీకరులో కాకుండా కాస్త మంచి స్పీకరులో పెట్టండి. ముందు ఆ కీర్తనను ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒకసారి పాడించి, మాటలకు అర్థం చెప్పించి, తరువాత ఫిడేలు పెట్టండి. పెద్దవాళ్లకు పాట మధ్యలో మరిచిపోయిన చరణం కూడా అప్పుడు గుర్తొస్తుందేమో.

ఇక పాఠం మొదలయ్యాక మొదటి రెండు మూడు నెలలు కీర్తనలేమీ రావు. ఖాళీ తీగ మీద కమాను తిన్నగా లాగడం, షడ్జం నిలపడం, ఆ తరువాత సరళీ వరుసలు. ఆ కాలంలో ఇంట్లో వచ్చే చప్పుడు తలుపు కీచుమన్నట్టే ఉంటుంది, పక్కింటి వాళ్లకు ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి.